యోసెమిటీ గ్రానైట్ అంచులో ఒకలా, మధ్యలో ఇంకొకలా ఎందుకుంది? అంతా ఒకే రాయేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పిల్లలతో అమెరికాలో కాలిఫోర్నియాలోని యోసెమిటీ నేషనల్ పార్కుకి వెళ్ళారు. టయోగా రోడ్డు మీద ఓల్మ్‌స్టెడ్ పాయింట్ దగ్గర రాయి తెల్లటి బియ్యప్పిండి ముద్ద మీద నల్ల నువ్వులు చల్లినట్టు కనిపించింది, అక్కణ్ణుంచి ముందుకెళ్ళి ట్వాలమీ మెడోస్ దగ్గర లెంబర్ట్ డోమ్ ఎక్కితే నువ్వులు తగ్గిపోయి బొటనవేలంత తెల్లటి పలకలు రాయిలోంచి పొడుచుకొచ్చి ఉన్నాయి. మీ దగ్గరున్న పాత గైడు పుస్తకంలో, ఒకే పెద్ద మాగ్మా (భూమి లోపల కరిగిన రాయి) ముద్ద బయటి నుంచి లోపలికి చల్లబడటం వల్ల ఇలా అయిందని ఉంది. మీ అబ్బాయి 'అయితే ఇదంతా ఒకే రాయా, వేరు వేరు రాళ్ళా?' అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. హైదరాబాద్ రాళ్ళు కూడా ఇంతేనా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే ఒకే కుటుంబం, కానీ ఒకే పోత కాదు. మీరు చూసిన మార్పు నిజమైనదే. అంచు నుంచి మధ్యకు వెళ్ళేకొద్దీ ఖనిజాలూ మారతాయి, రసాయనమూ మారుతుంది, వయసూ తగ్గుతుంది. పుస్తకంలో ఉన్న వివరణ 1970లలో చాలా బలమైనది, ఇప్పటికీ అందులో కొంత నిజం ఉంది. కానీ అంచుకీ మధ్యకీ వయసు తేడా దాదాపు కోటి సంవత్సరాలని తేలాక, ఒకే గుండిగలో పోసిన మాగ్మా మెల్లగా గడ్డకట్టిందనే కథ నిలబడదు. ఎందుకో వివరంగా రాస్తాను. నేను ఇరవై ఏళ్ళకు పైగా గ్రానైట్ల మీదే పని చేశాను, మొదట అనంతపురం వైపు, తర్వాత యోసెమిటీ ఉన్న సియెరా నెవాడా పర్వతాల్లో, కాబట్టి ఈ విషయం మొదలెడితే కాస్త పొడుగవుతుంది.

ముందు మీరు వెళ్ళిన దారిలో ఏముందో చూద్దాం. దాన్ని ట్వాలమీ ఇంట్రూసివ్ సూట్ అంటారు, అంటే భూమి లోపలే గడ్డకట్టిన, ఒకదానికొకటి సంబంధమున్న రాళ్ళ గుంపు, వెయ్యి చదరపు కిలోమీటర్ల పైమాటే. బయటి అంచులో కూనా క్రెస్ట్ గ్రానోడయొరైట్ (గ్రానైట్‌కి దగ్గరి చుట్టం లాంటి రాయి) ఉంది, బాగా ముదురు రంగు, హార్న్‌బ్లెండ్, బయోటైట్ అనే నల్ల ఖనిజాలు దండిగా ఉంటాయి, నల్లటి అప్పచ్చుల్లా నొక్కుకుపోయిన ముద్దలు కూడా అందులో కనిపిస్తాయి, అంచుకి దగ్గరయ్యేకొద్దీ అవి ఇంకా పల్చగా సాగి ఉంటాయి. దాని లోపల హాఫ్ డోమ్ గ్రానోడయొరైట్. మీరు ఓల్మ్‌స్టెడ్ పాయింట్ దగ్గర చూసింది అదే, చక్కగా గీసినట్టున్న నల్లటి హార్న్‌బ్లెండ్ కడ్డీలు, వాటి మధ్య తేనె రంగులో చిన్న చిన్న టైటనైట్ గింజలు. ఇంకా లోపలికి వెళ్తే కెథీడ్రల్ పీక్ గ్రానోడయొరైట్, అందులోవే మీరు చూసిన పెద్ద పలకలు. అవి పొటాషియం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం స్ఫటికాలు, కొన్ని పది సెంటీమీటర్లు కూడా ఉంటాయి. చుట్టూ రాయి అరిగిపోతే అవి గుబ్బల్లా మిగులుతాయి, రాళ్ళెక్కేవాళ్ళు వాటినే పట్టుకుని పైకి పోతారు. నట్టనడుమ జాన్సన్ గ్రానైట్ పోర్ఫిరీ, లేత రంగు, సన్న గింజ. సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) అంచులో సుమారు 60 శాతంతో మొదలై నడుమకి వచ్చేసరికి 75 శాతం దగ్గరకి చేరుతుంది. కాల్షియం, ఇనుము, మెగ్నీషియం తగ్గుతాయి, పొటాషియం పెరుగుతుంది. ట్వాలమీ మెడోస్ దాటి టయోగా పాస్ వైపు వెళ్ళారంటే ఇదే వరస తిరగబడి మళ్ళీ ముదురు రాయి వస్తుంది, ఎందుకంటే మీరు నడుమ నుంచి అటువైపు అంచుకి వెళ్తున్నారు.

చాలామంది ఎల్ కాపిటాన్‌ని కూడా ఇందులో కలిపేస్తారు. అది వేరే కుటుంబం, వయసు పది కోట్ల ఏళ్ళు దాటింది.

ఇక పాత వివరణ. మాగ్మా అనేది ఒకే పదార్థం కాదు, కొన్ని ఖనిజాలు ఎక్కువ వేడిలోనే గడ్డకడతాయి, కొన్ని చివరిదాకా ద్రవంలోనే ఉండిపోతాయి. హార్న్‌బ్లెండ్, కాల్షియం ఎక్కువున్న ప్లాజియోక్లేజ్ (కాల్షియం, సోడియం ఉండే ఫెల్డ్‌స్పార్) ముందు గడ్డకడతాయి. అవి కాల్షియం, ఇనుము, మెగ్నీషియం లాగేసుకుంటాయి కాబట్టి మిగిలిన ద్రవంలో సిలికా, పొటాషియం, నీరు పెరుగుతూ పోతాయి. శీతాకాలంలో కొబ్బరినూనె సీసా చూడండి, గోడల దగ్గర ముందు గడ్డకట్టి నడుమ కాసేపు ద్రవంగానే ఉంటుంది. మాగ్మా ముద్ద కూడా అలాగే చుట్టూ ఉన్న చల్లటి రాతి పక్కన ముందు గడ్డకట్టి, చివరి ద్రవం నడుమకి నెట్టుకుపోయిందని అనుకున్నారు. పాల్ బేట్‌మన్, బ్రూస్ చాపెల్ అనే భూగర్భ శాస్త్రవేత్తలు 1979లో ట్వాలమీ మీద ఇదే వాదన చాలా శ్రద్ధగా, బోలెడంత రసాయన విశ్లేషణతో రాశారు. మీ పుస్తకంలోని వాక్యానికి మూలం ఆ ఆలోచనే. వాళ్ళు తప్పు పని చేశారని ఎవరూ అనుకోకూడదు, ఆ మ్యాపులు ఈరోజుకీ మేం వాడుతున్నాం.

మరి తేడా ఎక్కడొచ్చింది? రెండు చోట్ల.

మొదటిది ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు. స్ట్రాన్షియం 87కీ 86కీ మధ్య నిష్పత్తి స్ఫటికాలు గడ్డకట్టడం వల్ల మారదు. పాలు కాస్తే చిక్కబడతాయి, మీగడ తీస్తే పల్చబడతాయి, కానీ మీరు ఏం చేసినా గేదె పాలు ఆవు పాలు కావు కదా. ఒకే మాగ్మా నుంచి ఖనిజాలు విడిపోతూ పోయి ఈ జోనింగ్, అంటే అంచు నుంచి నడుమకి వరసగా మారే తీరు, ఏర్పడి ఉంటే, గడ్డకట్టిన నాటికి ఉన్న ఆ నిష్పత్తి అంచులోనూ నడుమలోనూ ఒకటే ఉండాలి. కానీ 1986లో కిస్ట్‌లర్ బృందం ప్రచురించిన కొలతల్లో అది అంచు నుంచి నడుమకి కొద్దికొద్దిగా పెరిగింది. పెరిగింది మూడో నాలుగో దశాంశ స్థానంలోనే, అయినా పరికరం పొరపాటు కంటే అది చాలా పెద్దది. అంటే కింద నుంచి వచ్చిన మాగ్మాయే మారింది, లేదా రెండు రకాల మాగ్మాలు వేరువేరు పాళ్ళలో కలిశాయి. గమనించండి, ఈ సంగతి తెలిసింది బేట్‌మన్, చాపెల్ పేపరు వచ్చిన ఏడేళ్ళకే, పైగా 1986 బృందంలో వాళ్ళిద్దరూ ఉన్నారు. తమ మాటని తామే మళ్ళీ పరీక్షకి పెట్టుకున్నారు, అందుకే నాకు వాళ్ళంటే అంత గౌరవం.

రెండోది వయసు, వేడి లెక్క. జిర్కాన్ అనే ఖనిజం స్ఫటికాల్లో యురేనియం సీసంగా మారే లెక్కతో వయసు కడతారు. కోల్మన్, గ్రే, గ్లాజ్నర్ 2004లో చూపించింది ఏమిటంటే, అంచు సుమారు 9.5 కోట్ల ఏళ్ళ కిందటిది, నడుమ సుమారు 8.5 కోట్ల ఏళ్ళ కిందటిది. ఒక్క హాఫ్ డోమ్ గ్రానోడయొరైట్‌లోనే దాదాపు 40 లక్షల ఏళ్ళ తేడా దొరికింది. ఇప్పుడు వేడి సంగతి చూడండి. రాతిలో వేడి ఏడాదిలో సుమారు 5, 6 మీటర్లు పాకుతుంది. కానీ అది వర్గమూలం లెక్కన సాగుతుంది, కాబట్టి వందేళ్ళలో 500 మీటర్లు కాదు, 50, 60 మీటర్లే. పది లక్షల ఏళ్ళలో 5, 6 కిలోమీటర్లు. ఈ లెక్కన గోడకి 5 కిలోమీటర్ల లోపలున్న మాగ్మా కూడా పది లక్షల ఏళ్ళు అటూ ఇటూగా గడ్డకట్టేస్తుంది, వేడి పక్కలకే కాక పైకి కూడా పోతుంది కాబట్టి నిజానికి ఇంకా త్వరగానే. కోటి ఏళ్ళు ద్రవంగా ఉండాలంటే కింద నుంచి కొత్త మాగ్మా వస్తూనే ఉండాలి. కొత్తది వస్తూనే ఉందంటే, అది 'ఒకే ముద్ద' ఎలా అవుతుంది?

కాబట్టి ఇప్పుడు మాలో ఎక్కువమంది ఒప్పుకునేది ఏమిటంటే, మాగ్మా విడతలు విడతలుగా వచ్చింది, ఒక విడత సగమో పూర్తిగానో గడ్డకట్టాక ఇంకో విడత దాని నడుమలోకి చొచ్చుకొచ్చి పాతదాన్ని పక్కలకి నెట్టింది, కొన్ని చోట్ల పాతదాన్ని కొరికేసి తనలో కలుపుకుంది. ఇక్కణ్ణుంచి ముందుకి అభిప్రాయాలు చీలిపోతాయి. ఒక వర్గం ఎప్పుడు చూసినా ద్రవంగా ఉన్న భాగం చాలా చిన్నదేనంటుంది. ఇంకో వర్గం, గట్టి గింజలూ ద్రవమూ కలిసిన జావ లాంటి స్థితిలో పెద్ద పెద్ద భాగాలు లక్షల ఏళ్ళు ఉన్నాయంటుంది. నేను రెండో వర్గం వైపు కొంచెం మొగ్గుతాను. కారణం, కెథీడ్రల్ పీక్ రాయిలో హాఫ్ డోమ్ వయసున్న జిర్కాన్లు దొరుకుతాయి. పాతది పూర్తిగా బండ కట్టి ఉంటే అవి ఒక్కొక్క గింజగా విడిపోయి కొత్తదాంట్లో కలవడం కష్టం, జావగా ఉంటేనే తేలిక. ఇంకొకటి, ప్రధాన ముద్ద నుంచి పక్కకి పొడుచుకొచ్చిన కొమ్మల్లాంటి భాగాల్లో, అంటే ఒకసారి నిండి తర్వాత పెద్దగా కొత్త మాగ్మా చేరని చోట్ల, పాత పుస్తకం చెప్పినట్టే అంచు నుంచి లోపలికి క్రమంగా గడ్డకట్టిన తీరు కనిపిస్తుంది. అంటే పాత వివరణ చిన్న గదికి సరిపోతుంది, మొత్తం ఇంటికి సరిపోదు. మీ అబ్బాయికి ఇలా చెప్పవచ్చు.

ఇక్కడ చాలామంది, భూగర్భశాస్త్రం చదువుతున్న పిల్లలు కూడా, గందరగోళపడే విషయం ఒకటుంది. జోనింగ్ అన్న మాట మేం రెండు కొలతల్లో వాడతాం. ఒకటి కిలోమీటర్ల కొలతలో, ఇప్పటిదాకా చెప్పింది. రెండోది ఒక్క స్ఫటికం లోపల. ప్లాజియోక్లేజ్‌ని పల్చటి ముక్కగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టి తిప్పితే ఉల్లిపాయ పొరల్లా వలయాలు కనిపిస్తాయి, ఒక్కో పొరలో కాల్షియం, సోడియం పాళ్ళు వేరు. స్ఫటికంలో ముందు పుట్టింది నడుమ, అక్కడ కాల్షియం ఎక్కువ. కానీ ట్వాలమీ లాంటి కొండలో ముందు పుట్టింది అంచు, అక్కడే కాల్షియం ఎక్కువ. స్ఫటికం లోపలి నుంచి బయటికి పెరుగుతుంది, కొండ బయటి నుంచి లోపలికి నిండింది. ఈ రెండూ తిరగేసి ఉంటాయని ఒకసారి మనసుకి పట్టిందంటే సగం పాఠాలు తేలికైపోతాయి.

ఆ ఉల్లిపాయ పొరలు ఒకే దిశలో మారవు, కాల్షియం తగ్గుతూ తగ్గుతూ హఠాత్తుగా ఒక పొరలో మళ్ళీ పెరుగుతుంది. ఒక్కోసారి ఆ పొర కింద పాత స్ఫటికం అంచు కరిగి గుండ్రబడిన గుర్తు కూడా ఉంటుంది. అంటే గడ్డకడుతున్న జావలోకి వేడివేడి కొత్త మాగ్మా వచ్చింది, లేదా స్ఫటికమే చల్లటి చోటు నుంచి వేడి చోటుకి కొట్టుకుపోయింది. కాల్షియం, సోడియం ప్లాజియోక్లేజ్‌లో కదలడం చాలా చాలా నెమ్మది, అందుకే కోట్ల ఏళ్ళయినా ఆ పొరలు చెరిగిపోలేదు. మీరు చూసిన పెద్ద పొటాషియం ఫెల్డ్‌స్పార్లలో కూడా బేరియం పాళ్ళు ఇలాగే రంపం పళ్ళలా ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. అయితే ప్రయోగశాలలో ఇలాంటి మాగ్మాని గడ్డకట్టిస్తే పొటాషియం ఫెల్డ్‌స్పార్ చాలా ఆలస్యంగా మొదలవుతుంది. ఆలస్యంగా మొదలైనది అంత పెద్దది ఎలా అయింది? కొందరు ద్రవంలో తేలుతూనే పెరిగిందంటారు, కొందరు దాదాపు గట్టిపడ్డాక చిన్న గింజల్ని తినేస్తూ పెద్దదైందంటారు. ఇది ఇంకా తేలని తగాదా.

ఇప్పుడు నా సొంత అనుభవాల్లోంచి రెండు, ఇలాంటి రాళ్ళ మీద ప్రాజెక్టు చేసేవాళ్ళు ఇది చదువుతుంటే ఉపయోగపడతాయని.

మొదటి ఏడాది అనంతపురం వైపు పెద్ద ఫెల్డ్‌స్పార్లున్న గులాబీ గ్రానైట్‌లో అంచు నుంచి నడుమకి నడుస్తూ రెండు వందల మీటర్లకొకటి చొప్పున పిడికెడంత ముక్కలు కొట్టి తెచ్చాను. విశ్లేషణ వచ్చాక పొటాషియం అంకెలు పిచ్చిగా పైకీ కిందకీ ఎగిరాయి. నేను దాన్ని జోనింగ్ అనుకుని నాలుగు పేజీలు రాశాను. మా సార్ ఒక్కటే అడిగారు, 'ముక్కలో ఎన్ని పెద్ద పలకలు పడ్డాయో లెక్కపెట్టావా?' ఒక ముక్కలో రెండు పలకలు పడితే పొటాషియం ఎక్కువ, ఏదీ పడకపోతే తక్కువ, అంతే. మరుసటి సీజన్‌లో ఒక్కో చోట పది పదిహేను కిలోలు తెచ్చి మొత్తం పొడి చేయించాక గీత చదునుగా వచ్చింది, ఆ కొండలో చెప్పుకోదగ్గ జోనింగే లేదు. గింజ ఎంత పెద్దదైతే నమూనా అంత పెద్దదిగా ఉండాలి. ఆ ఎండలో బస్తాలు మోయడం కష్టమే, కానీ వేరే దారి లేదు.

రెండోది దీనికి తలకిందుల సంగతి. ఇంకో చోట ముదురు బూడిద రంగు రాయి చుట్టూ, నడుమ లేత గులాబీ రాయి, మ్యాపులో చూస్తే అచ్చం జోనింగే. నాలుగు రోజులు సరిహద్దు వెంబడే నడిచాను. మూడు చోట్ల గులాబీ రాయి సన్నటి తీగల్లా బూడిద రాయిలోకి చొచ్చుకుపోయి ఉంది, ఒక చోట బూడిద రాయి ముక్కలు, అంచులు పదునుగా ఉన్నవి, గులాబీ రాయిలో చిక్కుకుని ఉన్నాయి. అంటే బూడిదది పూర్తిగా గట్టిపడి పగిలాక గులాబీది వచ్చింది. ఇవి రెండు వేరు వేరు గ్రానైట్లు, పక్కపక్కన ఉన్నాయంతే. ట్వాలమీలో కొన్ని సరిహద్దులు పదునుగా ఉంటాయి, కొన్ని చోట్ల ఒక రాయి పదుల మీటర్ల దూరంలో మెల్లగా ఇంకో రాయిగా మారిపోతుంది, అందుకే అది అంత ఆసక్తికరం. సరిహద్దు చూడకుండా రంగు చూసి జోనింగ్ అనకండి.

అలాగే అన్ని కొండల్లోనూ నల్లది బయట, తెల్లది లోపల అనే నియమం లేదు. కాలిఫోర్నియాలోనే మొహావే ఎడారి వైపు టర్టిల్ ప్లూటాన్ (ప్లూటాన్ అంటే భూమి లోపల గడ్డకట్టిన మాగ్మా ముద్ద) తిరగేసి ఉంటుంది, అంచులో సిలికా ఎక్కువ, నడుమ తక్కువ. ఇంకో చిక్కు, మనకి మ్యాపులో కనిపించేది ఒక్క అడ్డుకోత మాత్రమే, పైన ఏముండేదో కోతకి పోయింది, కింద ఏముందో పాతికేళ్ళు తవ్వినా కనపడదు. నెవాడాలో సర్చ్‌లైట్ ప్లూటాన్ లాంటివి భూమి కదలికలకి పక్కకి ఒరిగిపోయి ఉండటంతో పైకప్పు నుంచి అడుగు దాకా నడిచి చూసే వీలుంది, అలాంటివి చూస్తే నిలువునా కూడా ఎంత మార్పు ఉంటుందో తెలుస్తుంది.

హైదరాబాద్ సంగతి. ఖాజాగూడ, గోల్కొండ దగ్గర మనం చూసే రాళ్ళు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటివి, యోసెమిటీ వాటికంటే పాతిక రెట్లకు పైగా పాతవి. అక్కడ బూడిద, గులాబీ రెండు రకాలూ ఉన్నాయి, బూడిద రాయిని గులాబీ రాయి తీగలుగా కోసుకుంటూ వెళ్ళడం చాలా చోట్ల కనిపిస్తుంది. నేను పైన చెప్పిన రెండో అనుభవం లాంటిదే ఎక్కువ, ట్వాలమీ లాంటి చక్కటి వలయాల వరస కాదు. పైగా గులాబీ రంగు చాలాసార్లు ఫెల్డ్‌స్పార్ లోపలి అతి సన్నటి ఇనుప ఆక్సైడ్ వల్ల వస్తుంది, దాని కోసం రసాయనం పెద్దగా మారనక్కర్లేదు. మన దగ్గర వరసైన జోనింగ్ చూడాలంటే నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం అభ్రకం గనుల పెగ్మటైట్లు (చాలా పెద్ద గింజలున్న గ్రానైట్ లాంటి రాళ్ళు) మంచివి, కొన్నింట్లో నడుమ తెల్లటి క్వార్ట్జ్ దిమ్మ, దాని చుట్టూ ఫెల్డ్‌స్పార్, అభ్రకం వరసలు. పరిమాణం చిన్నది, కానీ చివరి ద్రవం నడుమకి చేరడమనే పాత కథ అక్కడ బాగానే పనిచేస్తుంది.

ఇంట్లో వంటగట్టు రాయి మీద కూడా ఫెల్డ్‌స్పార్ చుట్టూ వేరే రంగు అంచు ఉందేమో చూడండి, ఉంటే అది స్ఫటికం లోపలి జోనింగ్ కావచ్చు. కరీంనగర్ టాన్ బ్రౌన్ అయితే పెద్ద ఫెల్డ్‌స్పార్లు బాగా కనిపిస్తాయి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీలో మాత్రం వెతక్కండి, వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ అది గాబ్రో అనే వేరే ముదురు రంగు రాయి జాతిది.

మళ్ళీ యోసెమిటీ వెళ్తే ఓల్మ్‌స్టెడ్ పాయింట్, టెనాయా లేక్, లెంబర్ట్ డోమ్, టయోగా పాస్, ఈ నాలుగు చోట్లా ఆగి ఒకే నాణెం పక్కన పెట్టి రాయిని ఫోటో తీయమని మీ అబ్బాయికి చెప్పండి. రాయి కొట్టడం, ముక్క తెచ్చుకోవడం పార్కులో చట్టవిరుద్ధం, ఫోటోలు చాలు. లెంబర్ట్ డోమ్ మీద సాయంత్రం ఏటవాలు ఎండలో ఒక పెద్ద పలక దగ్గర కూర్చుని తలని అటూ ఇటూ కదిపి చూడండి. చాలా పలకల్లో సగం తళుక్కుమంటుంది, మిగతా సగం మెరవదు, అది రెండు భాగాలు అతుక్కుని పెరిగిన జంట స్ఫటికం కాబట్టి. ఇంకా దగ్గరగా చూస్తే లోపల సన్నటి నల్ల చుక్కలు పలక అంచుకి సమాంతరంగా చట్రంలో చట్రంలా వరస కట్టి ఉంటాయి. అవి ఆ స్ఫటికం పెరుగుతున్నప్పుడు ఒక్కో దశలో దాని మీద అంటుకుపోయిన బయోటైట్, హార్న్‌బ్లెండ్ గింజలు.